గులాబి తల బాతు

రూతమ్మ ఏలూరులో మిషన్ వారి ఆడపిల్లల బడిలో పంతులమ్మ. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ మశూచికంతో పోతే, మిస్ ఎల్లిస్ అనే దొరసాని ఆమెను చేరదీసి చదివించింది. ఆ దొరసానికి పక్షులంటే పిచ్చి. తెల్లవారగానే దుర్భిణి మెడలో వేసుకుని కాలవగట్టు వెంట నడిచేది, వెనకాల రూతమ్మను నడిపించేది. ఏ పిట్ట ఎక్కడ కనబడింది, ఎన్ని కనబడ్డాయి, ఏం చేస్తున్నాయి, గాలి ఎటు వీస్తోంది, అన్నీ నిలబడ్డచోటే పుస్తకంలో రాయాలి. ఇంటికి వెళ్ళాక గుర్తు తెచ్చుకుని రాస్తానంటే ఒప్పుకునేది కాదు.

"ఇంటికి చేరేసరికి మనసు అబద్ధం కలిపేస్తుంది, రూత్" అనేది.

1926లో ఆరోగ్యం చెడి మిస్ ఎల్లిస్ ఇంగ్లండు వెళ్ళిపోయింది. పోతూ పోతూ దుర్భిణి రూతమ్మకు ఇచ్చింది. ఆ తరవాత నెలకో ఉత్తరం వచ్చేది. దొరసాని పల్లెలో కోకిల మొదటి కూత ఏ తారీకున వినబడింది, చర్చి గంటగోపురంలో గుడ్లగూబ ఎన్ని పిల్లల్ని పెట్టింది, మిల్లు వెనక పచ్చికలో తీతువులు ఎన్ని దిగాయి, ముళ్ళకంచెలో ఎర్రరొమ్ము పిట్ట ఎక్కడ గూడు కట్టింది, ఇవే ఆ ఉత్తరాల నిండా. "నువ్వు ఎప్పుడైనా వస్తే స్టేషనులో దిగి బండి ఎక్కకు. ఎడమ పక్క దారిలో నడిచిరా. ఏరు దాటేచోట ఆగి పది నిమిషాలు కదలకుండా నుంచుంటే నీలిపిట్ట తప్పకుండా కనబడుతుంది" అని ఒకసారి రాసింది. ఆ పల్లె దారులన్నీ రూతమ్మకు కంఠతా వచ్చేశాయి. ఆమె జన్మలో కాకినాడ దాటి వెళ్ళలేదు.

జవాబుగా రూతమ్మ కొల్లేరు గురించి రాసేది. మొదట ఉత్తరాల్లో రాసింది. తరవాత మిస్ ఎల్లిస్ సిఫారసు మీద మద్రాసులో ఉన్న ఒక పక్షుల సంఘానికి రాయడం మొదలుపెట్టింది. మూడు నెలలకొకసారి వాళ్ళు వేసే పత్రికలో ఆమె రాతలు ఆరుసార్లు పడ్డాయి. కింద ఊరి పేరు దొరల పలుకుబడిలో, 'మిస్ రూత్, ఎల్లూరు' అని ఉండేది. ఆ ఆరు సంచికలూ పెట్టెలో బైబిలు పక్కన పెట్టుకుంది.

శనివారం శనివారం ఆమెను కొల్లేట్లో తిప్పేవాడు భీమరాజు. లంక ఊరివాడు, చేపలు పట్టుకుని బతికేవాడు, చదువు లేదు. కాని దూరాన నీటిమీద నల్లగా చుక్కలు కనబడితే అవి పరజ బాతులో చిలువ బాతులో దుర్భిణి అక్కర్లేకుండానే చెప్పేవాడు. అతని తమ్ముడు ముత్యాలరాజు ఇంకా గట్టివాడు. రెక్కల చప్పుడు విని పేరు చెప్పేవాడు. రూతమ్మ ఏళ్ళ తరబడి ఆ ఇద్దరి కళ్ళనూ నమ్మి రాసుకొచ్చింది. భీమరాజు చెప్పిన లెక్క ఎప్పుడూ తప్పు కాలేదు.

1933 వర్షాలు వెలిశాక ఆమె గుర్రాలదిబ్బ గురించి రాసింది. అది సరస్సు నడుమ కిక్కిస గడ్డిలో మునిగి ఉండే ఒక మెరక. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బాతులన్నీ పగలు అక్కడే దిగి విశ్రాంతి తీసుకుంటాయి. లంకవాళ్ళకు తప్ప వేరెవరికీ ఆ చోటు తెలియదు. ఆ రాత పంపబోయే ముందు అలవాటు ప్రకారం దోనెలో కూర్చుని భీమరాజుకు తెలుగులో చదివి వినిపించింది.

భీమరాజు గడ వేయడం ఆపాడు.

"బాతుల సంగతి రాయండి పంతులమ్మగారూ. చోటు పేరు మాత్రం రాయకండి. కొల్లేట్లో చూశానని రాయండి, చాలు."

"ఎందుకని?"

"అక్కడ మావాళ్ళు వలలు కడతారండి. పిట్టల్ని పట్టుకు తింటాం, నాలుగు అమ్ముకుంటాం. మీకు తెలిసిందే. ఆ పేరు బయటికెళితే తుపాకులు పట్టుకుని వస్తారండి."

"చోటు పేరు లేకపోతే అది రాతే కాదు, భీమరాజూ. ఎవరైనా వెళ్ళి సరిచూసుకోవడానికి వీలుండాలి. అసలు అచ్చులో పడితేనే దాన్ని కాపాడమని ఎవరైనా అడుగుతారు."

ఆమె మాటలో మోసం లేదు. అలాగే నమ్మింది. ఏలూరు నుంచి ఎంత దూరం, ఏ రేవులో దోనె ఎక్కాలి, కిక్కిసలో ఏ పక్కనుంచి చొరబడాలి, అన్నీ వివరంగా రాసి పంపింది. అచ్చయింది.

డిసెంబరు చివర్లో ముగ్గురు దొరలు తాడేపల్లిగూడెం బంగళాలో దిగి, తహసీల్దారు చేత నాలుగు దోనెలు తెప్పించుకుని గుర్రాలదిబ్బకు వచ్చారు. ఒకరి చేతిలో ఆ పత్రిక ఉందని గడ వేసినవాళ్ళు చెప్పారు. పొద్దు పొడిచీ పొడవకముందే కాల్పులు మొదలుపెట్టారు. ముత్యాలరాజు అప్పటికి కిక్కిసలో నడుములోతు నీళ్ళల్లో నుంచుని వల విప్పుకుంటున్నాడు. కేక వేశాడో లేదో ఎవరికీ తెలియదు. వేసినా లేచిన బాతుల గోలలో వినబడి ఉండదు. తుపాకి ఛర్రాలు మొహం నిండా దిగాయి. ఏలూరు ఆస్పత్రిలో ఒక కన్ను తీసేశారు. రెండోది ఉంది కాని చూపు లేదు.

రూతమ్మ ఆస్పత్రికి కమలాపళ్ళు తీసుకెళ్ళి ఇచ్చి, మంచం పక్కన మోకరిల్లి ప్రార్థన చేసి వచ్చింది. "పాపం, అంత పొద్దున్నే అక్కడికి ఎందుకు వెళ్ళావు?" అని అడిగింది. ముత్యాలరాజు కట్టు కట్టిన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కాల్పుల తరవాత మూడో శనివారం ఆమె మళ్ళీ రేవుకు వచ్చింది. భీమరాజు దోనె తీశాడు. గుర్రాలదిబ్బ దగ్గర ఒక్క బాతు లేదు. ఆమె గంటసేపు చూసి, పుస్తకం తీసి రాసుకుని, ఎప్పటిలాగే చదివి వినిపించింది.

"'జనవరి 13. గుర్రాలదిబ్బ. గాలి ఈశాన్యం. డిసెంబరులో జరిగిన కాల్పుల వల్ల పరజలు పూర్తిగా చోటు వదిలేశాయి. నీటికాకులు పద్నాలుగు. నత్తగుల్ల కొంగలు మూడు. ఇది చాలా విచారకరం.'"

భీమరాజు గడను దోనె అంచుకు ఆనించాడు.

"మా తమ్ముడి సంగతి రాశారాండి?"

రూతమ్మ తలెత్తి చూసింది. నిజంగానే ఆమెకు ప్రశ్న వెంటనే అర్థం కాలేదు.

"ఇది పక్షుల పుస్తకం కదా, భీమరాజూ" అంది.

"ఔనండి" అన్నాడతను. గడ నీళ్ళల్లో దించి దోనె తిప్పాడు.

ఆ ఏడాది అతను ఆమెకు ఏ లోటూ చేయలేదు. పిలిస్తే వచ్చాడు, అడిగితే చెప్పాడు. ఇంట్లో ముత్యాలరాజు అరుగుమీద కూర్చుని ఉండేవాడు. పని లేదు. పెళ్ళి కుదిరిన పిల్లను వాళ్ళవాళ్ళు వేరే చోట ఇచ్చేశారు. వాళ్ళ మేనత్త పెద్దింటమ్మ ఎక్కడినుంచో ఒక బాతుపిల్లను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఒళ్ళంతా ముదురు గోధుమ రంగు, తలా మెడా మాత్రం తెల్లగా ఉండేది. ముత్యాలరాజు దానికి నత్తలు చిదిపి పెట్టేవాడు. నాలుక చప్పుడు చేస్తే ఎక్కడున్నా ఈదుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చునేది.

మరుసటి చలికాలం మొదట్లో సంఘంవాళ్ళు రూతమ్మకు ఒక రంగుల బొమ్మ పంపారు. గులాబి తల బాతు. ఒళ్ళు చాక్లెట్టు రంగు, తలా మెడా ముక్కూ గులాబి. ఒకప్పుడు వంగదేశంలో ఉండేదట, కొన్నేళ్ళుగా ఎవరికీ కనబడలేదట, ఎక్కడైనా కనబడితే వెంటనే తంతి ఇమ్మని అందరు సభ్యులకూ రాశారు. రూతమ్మ ఆ బొమ్మను దోనెలోకి తెచ్చి భీమరాజుకు చూపించింది.

"దీన్ని ఒక్కసారి చూస్తే చాలు భీమరాజూ. ఇంక నా జన్మకి వేరే ఏమీ అక్కర్లేదు."

భీమరాజు ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మేనత్త తెచ్చిన బాతే అతనికి గుర్తొచ్చింది. అక్కడికక్కడే అతని మనసులో పని పూర్తయిపోయింది. ఇక చెయ్యడమే మిగిలింది.

ఏలూరులో తివాచీల ఉన్నికి రంగు అద్దే హిదాయతుల్లా అతనికి తెలుసు. ఆ ఇంటికి చేపలు వేసేవాడు. ఒకరోజు బుట్టలో బాతును పెట్టుకుని వెళ్ళాడు.

"దీని తలకి గులాబి రంగు వెయ్యాలి సాయిబుగారూ. ఒక పెద్దింటివారి పిల్లలు ముచ్చటపడుతున్నారు."

హిదాయతుల్లా నవ్వాడు. "ప్రాణమున్న దానికి రంగా? వేడినీళ్ళల్లో ముంచితే చచ్చిపోదా?"

"మీ చేతిలో పని కదండీ."

ఆ మాటకు అతను పొంగిపోయాడు. ఈకైనా ఉన్నైనా ఒకటే పద్ధతి అన్నాడు. పటిక నీళ్ళల్లో గుడ్డ తడిపి తలకు చుట్టాడు. ఆరాక లక్క రంగు గోరువెచ్చగా కాచి అదే గుడ్డతో అద్దాడు. రోజుకోసారి చొప్పున నాలుగు రోజులు అద్దాడు. బాతు మొదటిరోజు గింజుకుంది, తరవాత ఊరుకుంది. ఒక కంట్లోకి పటిక నీళ్ళు పోయి అది వాచింది. ముక్కుకు కూడా రంగు పూసి పైన పలచగా నూనె రాశాడు. తలను వెలుతురుకు తిప్పి చూసి, "గోదాట్లో నెలరోజులు ముంచి ఉంచినా పోదు" అన్నాడు.

ముత్యాలరాజుకు భీమరాజు వేరే మాట చెప్పాడు. బాతుకు జబ్బు చేసిందని, ఏలూరులో పశువుల వైద్యుడికి చూపించి తెస్తానని.

"ఎన్నాళ్ళు పడుతుంది అన్నయ్యా?"

"వారం రోజులు."

1935 జనవరిలో ఒక శనివారం, మంచు విడవకముందే భీమరాజు రూతమ్మను గుర్రాలదిబ్బకు పడమటగా ఉన్న ఒక మడుగుకు తీసుకెళ్ళాడు. అంతకుముందే బాతు కాలికి జనపతాడు కట్టి, రెండో కొసను నీటి అడుగున పాతిన మేకుకు బిగించి ఉంచాడు. తాడు పొడుగు పది బారలు. దోనెను వంద బారల దూరంలో కిక్కిస చాటున ఆపాడు.

రూతమ్మ దుర్భిణి ఎత్తింది. చాలాసేపు దించలేదు.

"నువ్వు చూశావా?" అంది గుసగుసగా.

"చూశానండి."

"ఏం కనబడింది? నేను చెప్పను. నువ్వే చెప్పు."

"తల గులాబీగా ఉందండి. ఒళ్ళు ముదురు రంగు. మీరు చూపించిన బొమ్మేనండి."

ఆమె మళ్ళీ చూసింది. మిస్ ఎల్లిస్ పెంచిన మనిషి కనుక అనుమానాలు వెంటనే వచ్చాయి. మెడ పొట్టిగా ఉన్నట్టుంది. ముక్కు రంగు మంచులో తేలడం లేదు. ఆ చిన్న మడుగులోనే ఎందుకు తిరుగుతోంది? అలికిడైనా లేచి ఎందుకు ఎగరడం లేదు?

"దెబ్బ తగిలిందేమోనండి" అన్నాడు భీమరాజు. "తుపాకులవాళ్ళు తిరుగుతున్నారు గదా. ఒక కన్ను కూడా వాచినట్టుంది."

రూతమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి పోనివ్వమంది. అతను వద్దన్నాడు. బెదిరి కిక్కిసలో దూరితే మళ్ళీ దొరకదన్నాడు. నిన్న సాయంత్రం తాను పాతిక బారల దూరం నుంచి చూశానని, ముక్కు కూడా గులాబీయేనని చెప్పాడు.

"నిజంగా చూశావా భీమరాజూ? నువ్వు చూశానంటే నేను రాస్తాను."

"చూశానండి."

ఆమె రాసింది. తారీకు, గాలి, వెలుతురు, దూరం. 'ముక్కు రంగు నాకు సరిగా కనబడలేదు. నా దోనెవాడు దగ్గరనుంచి చూశాడు. అతని చూపు నా చూపు కన్నా నమ్మదగినది.' రాసింది చదివి వినిపించింది. భీమరాజు తల వంచుకుని విన్నాడు.

ఆదివారం, సోమవారం కూడా వచ్చి చూసింది. ఆదివారం చర్చి మానడం ఆమె బతుకులో అదే మొదటిసారి. సోమవారం మధ్యాహ్నం ఏలూరు నుంచి మద్రాసుకు తంతి వెళ్ళింది. మిస్ ఎల్లిస్‌కు నాలుగు పేజీల ఉత్తరం వెళ్ళింది.

సంఘం కార్యదర్శి విల్కిన్స్ దొర గురువారం మెయిల్లో దిగాడు. అడవిశాఖలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైనవాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. స్టేషనులో రూతమ్మకు టోపీ తీసి నమస్కారం చేశాడు. దోనె ఎక్కేటప్పుడు చెయ్యి అందించాడు. అంతవరకూ ఏ దొరా ఆమెకు చెయ్యి అందించలేదు. దోనె అడుగున తుపాకి చూసి ఆమె మొహం మారింది.

"కాల్చరు కదా? ప్రపంచంలో ఇంకొకటి ఉందో లేదో తెలియదు."

"చేతిలోకి రాని పక్షికి ఋజువు లేదు, మిస్ రూత్" అన్నాడు దొర. "మీ పేరు మీద మ్యూజియంలో ఉంటుంది. నూరేళ్ళు ఉంటుంది."

ఆమె వద్దని ఇంకోసారి అంది. తరవాత ఊరుకుంది. మ్యూజియంలో పేరు అన్న మాట ఆమె చెవిలో పడనే పడింది.

భీమరాజు గడ వేస్తూ ఇదంతా విన్నాడు. దొర వస్తాడని, దుర్భిణితో చూసి పెంపుడు బాతని పోల్చుకుంటాడని, ఆమె మొహాన నవ్వి పోతాడని అతను అనుకున్నాడు. తుపాకి అతని లెక్కలో లేదు. దారి తప్పినట్టు నటించి వేరే వైపు తిప్పుదామనుకున్నాడు. కాని రూతమ్మకు దారి తెలుసు. "ఎడమకి, భీమరాజూ" అంది.

మడుగు దగ్గర దొర దుర్భిణి తీయలేదు. మంచులో గులాబి తల ఒక్కసారి మెరవగానే తుపాకి ఎత్తి కాల్చాడు. బాతు నీళ్ళమీద ఒరిగింది, ఒక రెక్క నాలుగుసార్లు కొట్టుకుంది. దోనెను దగ్గరికి పోనిచ్చి దొర వంగి మెడ పట్టుకుని పైకి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. నీళ్ళల్లోంచి జనపతాడు బిగుసుకుని పైకి లేచింది.

దొర తాడును చూశాడు. బాతు తల తిప్పి ఈకల మొదళ్ళు విడదీసి చూశాడు. మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. ముక్కును బొటనవేలితో గట్టిగా రుద్దితే రంగు వేలికి అంటుకుంది.

"నాటుబాతు" అన్నాడు.

రూతమ్మ తాడునే చూస్తోంది. ఆ ముడి ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా రేవులో దోనెను అదే ముడితో కట్టడం చూసింది. మెల్లగా తల తిప్పి భీమరాజు వైపు చూసింది.

దొర కూడా అటే తిరిగాడు. "ఇది ఎవరు కట్టారు?"

భీమరాజు గడ పట్టుకుని నుంచున్నాడు. దొర చేతిలో వేలాడుతున్న బాతు కాలి వేళ్ళ మీద అతని చూపు ఆగిపోయింది. నిజం చెబితే ఇక్కడే దోనెలో కొడతాడు, తరవాత తహసీల్దారు, ఆ తరవాత జైలు. ఇంట్లో గుడ్డి తమ్ముడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు కట్టమన్నారు?"

"అమ్మగారే కట్టమన్నారండి" అన్నాడు.

రూతమ్మ నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. తరవాత ఆమె దాని గురించి ఎన్నోసార్లు తలుచుకుంది. 'భీమరాజు' అనే ఒకే ఒక్క పదం అప్పుడు పలికి ఉంటే సరిపోయేది. కాని ఆ క్షణంలో ఆమెకు తోచిందల్లా ఒక్కటే. ఈ మనిషి చూపు నమ్మదగినదని తన చేత్తో రాసి తంతి కొట్టింది. ఇప్పుడు అబద్ధాలకోరని ఎలా అంటుంది?

"ఎందుకు చేశారు?" అన్నాడు దొర ఇంగ్లీషులో. కోపం కూడా లేదు ఆ గొంతులో. "మీకు మంచి పేరే ఉంది కదా. అది చాల్లేదా?"

ఒడ్డుకు చేరేదాకా అతను ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు. దిగేటప్పుడు చెయ్యి అందించలేదు. బాతును భీమరాజు కాళ్ళ దగ్గర పడేసి, "వండుకో" అని బండి ఎక్కాడు.

భీమరాజు దాన్ని నీళ్ళల్లో పారేసి పోవలసింది. ఎందుకు ఇంటికి తీసుకెళ్ళాడో అతనికే తెలియదు. ముత్యాలరాజు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అన్న అడుగుల చప్పుడు విని నాలుక చప్పుడు చేశాడు. ఏమీ కదలలేదు. భీమరాజు దగ్గరికెళ్ళి బాతును ఒళ్ళో పెట్టాడు. ముత్యాలరాజు మెడ తడిమాడు, ఛర్రాలు దిగిన రొమ్ము తడిమాడు, కాలికి మిగిలిన తాడు ముక్క తడిమాడు. ఛర్రాల గుంటలు ఎలా ఉంటాయో అతని వేళ్ళకు తెలుసు.

"ఎవరు కాల్చారు?"

భీమరాజు అంతా చెప్పాడు. దాచుకోలేదు. రంగు సంగతి, దోనెలో తానన్న మాట, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ, తమ్ముడు ఒక్కసారైనా మంచిపని చేశావంటాడని చూశాడు.

"నా కోసం చేశానన్నావా?" అన్నాడు ముత్యాలరాజు చివరికి.

"నీకోసం కాక?"

"నన్ను అడిగావా?"

ఆ తరవాత ముత్యాలరాజు అన్నతో చాలా నెలలు మాట్లాడలేదు. అన్నం మేనత్త పెడితేనే తినేవాడు.

ఫిబ్రవరిలో సంఘంవాళ్ళ నిర్ణయం వచ్చింది. ఎల్లూరు సభ్యురాలు పంపిన తాజా వార్త కల్పితమని తేలింది కనుక, గత ఎనిమిదేళ్ళలో ఆమె పేరు మీద నమోదైన పక్షులన్నిటినీ లెక్కలోంచి తీసేస్తున్నామని అచ్చు వేశారు. నూట అరవై మూడు జాతులు. వాటిలో ప్రతి ఒక్కటీ నిజం. ఏప్రిల్లో మిస్ ఎల్లిస్ ఉత్తరం వచ్చింది. అరపేజీ. 'విల్కిన్స్ నాకు రాశారు. నీకు నేను ఒక్కటే నేర్పాను. అదే నువ్వు నిలబెట్టుకోలేదు. నా దుర్భిణి బడికి ఇచ్చెయ్యి. పిల్లలకు పనికొస్తుంది.' కోకిల ఎప్పుడు కూసిందో అందులో లేదు. రూతమ్మ ఆ ఉత్తరానికి మూడు జవాబులు రాసింది. మూడింటికీ జవాబు రాలేదు.

బడివాళ్ళు గొడవ చెయ్యలేదు. జంగారెడ్డిగూడెంలో కొత్తగా పెట్టిన చిన్న బడికి ఆమెను మార్చారు. మెట్ట ఊరు. చుట్టూ పొగాకు చేలు. కొంగ దిగేపాటి నీళ్ళు కూడా లేవు.

వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం ఆమె రేవుకు వచ్చింది. భీమరాజు ఆమెను చూసి దోనెలోంచి లేచి నుంచున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. "మీ ఇంటికి తీసుకెళ్ళు" అంది.

ముత్యాలరాజు అరుగుమీద తాడు పేనుతున్నాడు. ఆమె అతని ఎదురుగా నేలమీద కూర్చుని సంచీలోంచి పుస్తకం తీసింది.

"నేను పంతులమ్మని, ముత్యాలరాజూ. ఆ చోటు పేరు అచ్చు వేయించింది నేనే. నీకేం జరిగిందో నా పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు రాద్దామని వచ్చాను. ఆ పొద్దున ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు."

ముత్యాలరాజు చేతులు ఆగలేదు.

"ఎవరు చదువుతారండి?"

"ఎవరూ చదవరు. నా పుస్తకం ఇంక ఎవరూ చదవరు."

"మరి ఎవరి కోసమండి?"

ఆమె పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెద్దింటమ్మ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. తాగి లేచింది.

తిరుగు దారిలో దోనె సగం దూరం వచ్చాక, నీళ్ళకేసి చూస్తూ అంది:

"నాకు చెప్పి ఉండాల్సింది, భీమరాజూ. నువ్వు అడిగితే నీ తమ్ముడి సంగతి రాసేదాన్నే."

"అడిగానండి" అన్నాడు భీమరాజు.

ఆమె నీళ్ళమీంచి చూపు తిప్పి అతనికేసి చూసింది.

"ఔను, అడిగావు" అంది.

రేవులో దిగి బస్సు ఎక్కింది. ఆమె మళ్ళీ కొల్లేరు రాలేదు. జంగారెడ్డిగూడెంలో పిల్లలకు లెక్కలు చెప్పింది. ప్రకృతి పాఠం వేరే పంతులమ్మకు ఇమ్మని అడిగిందట.

ఆ శీతాకాలం విల్కిన్స్ దొర కొల్లేటి పక్షుల జాబితాను మొదటినుంచి మళ్ళీ తయారు చేయించడానికి స్నేహితులతో వచ్చాడు. సరస్సు దారులన్నీ తెలిసిన దోనెవాడు కావాలన్నాడు. తహసీల్దారు బంట్రోతు వచ్చి భీమరాజును పిలుచుకెళ్ళాడు. కాదనడానికి వీల్లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడ వేశాడు. బాతులున్న మడుగుల పక్కనుంచి దూరంగా తిప్పి, ఖాళీ నీళ్ళకు తీసుకెళ్ళాడు. వాళ్ళు చిరాకుపడి దొరికినవాటినే కాల్చారు. ఒక మధ్యాహ్నం దూరాన నీటి మీద చుక్కలు కనబడితే, ఒక కుర్రదొర పుస్తకం తెరిచి పెన్సిలు చేత పట్టుకుని, అవేమిటని అడిగాడు.

అవి సూదితోక పరజలు. రెండు వందల పైన ఉంటాయి. భీమరాజుకు చూడగానే తెలిసింది.

"నీటికాకులండి" అన్నాడు. "ఓ యాభై ఉంటాయి."

కుర్రదొర రాసుకున్నాడు.